ఇల్లు నెమ్మది కోసం, సామాను కొంతకాలం కోసం

అల్లాహ్ మానవులకు ప్రసాదించిన మహాభాగ్యాల్లో ఇల్లు ఒకటి. ఎండావానల నుంచి కాపాడే కప్పు, పరాయి చూపు పడని మరుగు, రోజంతా కష్టపడి వచ్చిన ఒంటికి నడుం వాల్చే చోటు - వీటి విలువ లేనివారిని అడిగితే తెలుస్తుంది. దివ్య ఖుర్ఆన్ అన్ నహ్ల్ సూరా 80వ ఆయతులో అల్లాహ్ ఈ వరాన్ని మనకు ప్రత్యేకంగా గుర్తు చేశాడు. అక్కడ ఇంటిని గురించి వాడిన పదం 'సకన్'. అంటే అలజడి ఆగి మనసు కుదుటపడే చోటు. మనం రోజూ ఉర్దూలో వాడే 'సుకూన్' అనే మాట కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే.

అదే ఆయతులో ఇంటి సామాను ప్రస్తావన కూడా ఉంది. గొర్రెల ఉన్ని, ఒంటెల బొచ్చు, మేకల వెంట్రుకలతో తయారయ్యే సామగ్రిని అల్లాహ్ తన అనుగ్రహంగానే పేర్కొన్నాడు. కనుక ఇంట్లో వస్తువులు ఉండటం తప్పు కాదు. అయితే ఆ ఆయతు 'ఇలా హీన్' అన్న మాటతో ముగుస్తుంది. 'ఒక కాలం వరకు' అని దాని భావం. అంటే ఇల్లు నెమ్మది కోసం, సామాను కొంతకాలం వాడుకోవడం కోసం. వాడుక తీరిన వస్తువుకు మన దగ్గర ఉండే గడువు కూడా తీరినట్లే. ఈ సంగతి మరచిపోతే మనుషులు ఉండవలసిన చోట సామాను కాపురం పెడుతుంది.

ఇంటి నిండా సామాను, మనసు నిండా అలజడి

నేడు మన ఇళ్ళను ఒకసారి చూద్దాం. బీరువా తలుపు తెరిస్తే బట్టలు మీద పడతాయి. అటక మీద పెళ్ళినాటి స్టీలు బిందెలు, రాగి దేగులు, ఒక్కసారి కూడా దస్తర్‌ఖాన్ మీదికి దిగని డిన్నర్ సెట్లు ఉంటాయి. మంచం కింద ట్రంకు పెట్టెలు, మూలన కాలిపోయిన మిక్సీ, తిరగని ఫ్యాను. కుర్చీ మీది బట్టల కుప్ప అతిథి వస్తే మంచం మీదికి, రాత్రి అయితే మంచం మీది నుంచి మళ్ళీ కుర్చీ మీదికి మారుతుంది. నమాజుకు ముసల్లా పరచాలంటే ముందు ఏదో ఒకటి జరపాలి. రేషన్ కార్డో, పిల్లవాడి సర్టిఫికెట్టో అవసరమైన రోజున ఇల్లంతా తిరగేస్తాం. ఆ వెతుకులాటలో మాటా మాటా పెరుగుతుంది. అత్త కోడలిని అంటుంది, కోడలు పిల్లల మీద విరుచుకుపడుతుంది.

ఈ భారం ఎక్కువగా స్త్రీల మీదే పడుతోంది. దులపాలి, తుడవాలి, సర్దాలి, మళ్ళీ సర్దాలి. కొనేటప్పుడు అందరం కొంటాం, మోసేటప్పుడు మాత్రం ఇల్లాలు ఒక్కతే మోస్తుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళకు లేచి వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). కనుక ఇల్లు చక్కబెట్టే పని ఆడవారిదని పురుషులు తప్పుకోవడం సున్నత్ కాదు.

ప్రవక్త (స) ఇంట్లో ఏముండేది?

దైవప్రవక్త (స) ఒకసారి నెల రోజులపాటు మేడగదిలో ఏకాంతంగా ఉన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) అక్కడికి వెళ్ళారు. ప్రవక్త (స) పడుకున్న చాప ఆనవాళ్ళు ఆయన శరీరం మీద కనిపించాయి. గది అంతా కలయజూస్తే ఒక మూల కొద్దిగా బార్లీ, తోళ్ళు బాగుచేయడానికి వాడే ఆకులు, వేలాడుతున్న ఒక తోలు మాత్రమే ఉన్నాయి. రోము, పారసీక చక్రవర్తుల వైభోగాలు తలచుకుని ఉమర్ (రజి) కంటతడి పెట్టారు. వారికి ఇహలోకం, మనకు పరలోకం ఉండటం నీకు ఇష్టం కాదా అన్న భావంతో ప్రవక్త (స) ఆయనను ఓదార్చారు (ముస్లిం). ఏడ్చింది చూసినవారే గాని ఆ గదిలో ఉన్నవారు కాదు.

మరో సంఘటన మన విషయానికి ఇంకా దగ్గరగా ఉంది. అబూ జహమ్ (రజి) అనే సహాబీ ప్రవక్త (స)కు గీతల అలంకరణ గల ఒక దుప్పటి కానుకగా ఇచ్చారు. దానితో నమాజు చేశాక, దాని అలంకరణ తన ధ్యానాన్ని మళ్ళించిందని ప్రవక్త (స) గుర్తించారు. దాన్ని అబూ జహమ్‌కే తిరిగి పంపి, బదులుగా ఆయన దగ్గరున్న సాదా దుప్పటి తెప్పించుకున్నారు (బుఖారీ, ముస్లిం). కానుకను తిప్పిపంపారన్న బాధ ఆయనకు కలగకూడదనే మరొకటి అడిగారని హదీసు వ్యాఖ్యాతలు వివరించారు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, వస్తువు హలాల్ అయినా సరే, మనసు నెమ్మదిని హరిస్తుంటే దాన్ని పంపించివేయవచ్చు. రెండు, పంపేటప్పుడు మనిషి మనసు నొప్పించకూడదు.

హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో బొమ్మలున్న తెర ఒకటి వేలాడదీశారు. ప్రవక్త (స) దాన్ని ఇష్టపడలేదు. ఆమె ఆ గుడ్డను పారవేయలేదు, కోసి దిండ్లు చేశారు (బుఖారీ, ముస్లిం). ఇంట్లో తప్పు చోట ఉన్నదాన్ని సరైన పనికి మార్చడం ఆ తల్లి మనకు నేర్పిన పద్ధతి.

నాలుగో పడక ఎవరిది?

ఇంట్లో ఒక పడక పురుషునికి, ఒకటి అతని భార్యకు, మూడోది అతిథికి ఉంటాయని, నాలుగోది షైతాన్‌కని ప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). ఇది పడకల లెక్క కాదు. పదిమంది ఉన్న ఇంటికి పది పడకలు కావాలి. అవసరాన్ని మించి, గొప్పకోసం పోగేసినదంతా నాలుగో పడకేనని ఉలమాలు వివరించారు. అతిథి కోసం ఉంచిన పడక అదనం కాదు, అది హక్కు అన్న సంగతి కూడా ఈ హదీసులోనే ఉంది.

అసలు మనం ఎందుకు పోగేస్తాం? మొదటి కారణం పోటీ. పొరుగింట్లో ఉన్నది మన ఇంట్లోనూ ఉండాలన్న తపన. తకాసుర్ సూరా మొత్తం ఈ రోగం గురించే అవతరించింది. అధికంగా కూడబెట్టాలన్న ఆరాటం మనిషిని సమాధి దాకా ఏమరుపాటులో ఉంచుతుందని, ఆపై ప్రతి అనుగ్రహం గురించీ ప్రశ్న తప్పదని అది హెచ్చరిస్తుంది. రెండో కారణం భయం. 'ఎప్పుడైనా పనికొస్తుంది' అంటాం. ఆ 'ఎప్పుడైనా' పదేళ్ళైనా రాదు. రేపటి ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్ అన్న నమ్మకం నాలుక మీద ఉండి, తాళంచెవి మాత్రం అటక మీది పెట్టెకు ఉంటుంది. మూడో కారణం జ్ఞాపకం. ఇది కరుణకు సంబంధించినది, దీన్ని తేలిక చేయకూడదు.

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన తన భర్త విడుదల కోసం ప్రవక్త (స) కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) ఒక కంఠహారం పంపారు. అది ఆమె తల్లి హజ్రత్ ఖదీజా (రజి) పెళ్ళినాడు ఇచ్చినది. దాన్ని చూసి ప్రవక్త (స) హృదయం ద్రవించింది. సహచరుల సమ్మతి తీసుకుని ఆ హారం తిరిగి ఇప్పించారు (అబూదావూద్). కనుక అమ్మ తస్బీహ్, నాన్న కళ్ళజోడు దాచుకోవడం తప్పు కాదు. ప్రవక్త (స) ఖదీజా (రజి)ని ఇంకో విధంగా కూడా గుర్తుంచుకున్నారు. మేకను కోసినప్పుడల్లా ఆమె స్నేహితురాళ్ళకు మాంసం పంపేవారు (బుఖారీ, ముస్లిం). జ్ఞాపకానికి ఒక వస్తువు చాలు. మిగిలినది ప్రేమతో ఇతరులకు చేరాలి.

మొదటి ప్రశ్న: ఇది ఎవరిది?

ఇల్లు సర్దడానికి కూర్చున్నవారు సాధారణంగా 'ఇది నాకు కావాలా, వద్దా?' అని ఆలోచిస్తారు. విశ్వాసి అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. 'ఇది ఎవరిది?' అన్నది మొదటి ప్రశ్న.

పొరుగింటి గిన్నె, మేనమామ దగ్గర తెచ్చిన పుస్తకం, మస్జిద్ నుంచి తెచ్చి మరచిపోయిన చాప - ఇవి అమానత్‌లు. అమానత్‌లను హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ ఆజ్ఞ (4:58). కాబట్టి అన్నింటికన్నా ముందు ఇవి ఇల్లు దాటాలి. భార్య తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న వస్తువులు ఆమెవి. ఆమె అనుమతి లేకుండా భర్తగాని, అత్తగాని వాటిని ఎవరికీ ఇవ్వరాదు. పిల్లలకు కానుకగా వచ్చినవి పిల్లలవి. సదఖా చేస్తున్నామన్న పేరుతో తల్లిదండ్రులు వాటిని దానం చేయకూడదు. పిల్లవాడికి దానం చేసే అలవాటు నేర్పాలంటే మన వస్తువు ఒకటి వాడి చేతికిచ్చి వాడి చేత ఇప్పిద్దాం.

అన్నింటికన్నా నిర్లక్ష్యం జరుగుతున్నది చనిపోయినవారి సామాను విషయంలో. తండ్రి పోయిన మూడో రోజునే ఆయన షేర్వానీ, గడియారం, చెప్పులు సవాబ్ కోసమని పంచేస్తారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ మనిషి ప్రాణం పోయిన క్షణం నుంచి అవి ఆయనవి కావు, పంచేవారివీ కావు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసియ్యత్ పోగా మిగిలినది వారసులందరిదీ. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా స్త్రీ పురుషులిద్దరికీ అందులో వాటా ఉందని ఖుర్ఆన్ స్పష్టం చేసింది (4:7). వారసులు పెద్దవారైతే అందరూ సంతోషంగా ఒప్పుకున్న తర్వాతే ఇవ్వాలి. వారిలో చిన్నపిల్లలుంటే వారి ఒప్పుకోలు చెల్లదు, వారి వాటాను ముట్టుకోరాదు. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో అగ్ని నింపుకుంటున్నారన్న హెచ్చరిక (4:10) వింటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ సొమ్మంటే పొలాలు, స్థలాలే అనుకోకూడదు. సైకిలు కూడా సొమ్మే.

దీనికి మరోవైపు కూడా ఉంది. కొన్ని ఇళ్ళలో తల్లిదండ్రుల గది ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంటుంది. తాళంచెవి పెద్దన్న దగ్గర ఉంటుంది. పెళ్ళిళ్ళై వెళ్ళిన చెల్లెళ్ళు అడగడానికి మొహమాటపడతారు. పండుగకు వచ్చి ఆ తలుపు వైపు చూసి వెళ్ళిపోతారు. ఆ ఇంట్లో ఎన్ని గదులున్నా సుకూన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో అతి బరువైన సామాను, పంచకుండా ఉంచిన సామానే. ఆ తలుపు తీసి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లి కలిసి కూర్చుని ఎవరి హక్కు వారికి అప్పగిస్తే గది ఖాళీ కావడం అటుంచి, మనసులు కలుస్తాయి.

వాడనిది అడిగినవారికి

రెండో ప్రశ్న: 'ఇది మనదే, మరి ఎంతమందికి ఉపయోగపడుతోంది?' మాఊన్ సూరాలో మామూలు వస్తువులు కూడా ఇవ్వడానికి నిరాకరించేవారిని అల్లాహ్ గర్హించాడు. ప్రవక్త (స) కాలంలో మేము మాఊన్ అంటే చేద, వంటపాత్రలాంటివి ఎరువివ్వడమే అనుకునేవారమని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) తెలిపారు (అబూదావూద్). ఎంత గొప్ప విషయం! పెద్ద దేగు, నిచ్చెన, అదనపు పరుపులు వీధికంతటికీ ఒకటి రెండు ఉంటే చాలు. ప్రతి ఇంట్లో ఒకటి దాచి, ప్రతి ఇంట్లో తుప్పు పట్టించనవసరం లేదు. ఇచ్చి పుచ్చుకునే అలవాటు పోయిన తర్వాతే మన అటకలు నిండాయి.

ఇక మిగులును గురించి. ఏమి ఖర్చు చేయాలని ప్రజలు అడిగితే అవసరానికి మించినది అని అల్లాహ్ జవాబిచ్చాడు (2:219). అయితే మిగులు అంటే చెత్త కాదు. తమకిస్తే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోని నాసిరకం వస్తువును దైవమార్గంలో ఇవ్వడానికి ఏరవద్దని కూడా ఆయనే హెచ్చరించాడు (2:267). చిరిగిన చొక్కా, జిప్పు పోయిన సంచి, జత లేని చెప్పు మదర్సా పిల్లల పేరు చెప్పి పంపడం సదఖా కాదు, మన చెత్తను పేదవాడి ఇంటికి మార్చడం. ఉతికి, గుండీలు కుట్టి, మడత పెట్టి ఇద్దాం. మనకు ఇష్టమైన వాటి నుంచి కూడా ఒకటి చేరుద్దాం. ప్రీతిపాత్రమైనది ఇవ్వనిదే పుణ్య శిఖరం చేరలేరన్న ఆయతు (3:92) విని హజ్రత్ అబూ తల్హా (రజి) తనకు అన్నిటికన్నా ప్రియమైన బైరుహా తోటను ఇచ్చేశారు. దాన్ని దగ్గరి బంధువులకు పంచమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). కనుక మనం ఇచ్చేటప్పుడు కూడా ముందు బంధువుల్లో అవసరమున్నవారిని, వారి మనసు చిన్నబోకుండా చూద్దాం.

పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవారు మన వీధుల్లోకి వస్తుంటారు. ఆ బేరం ధర్మసమ్మతమే. కాని బట్టల కుప్ప పోయి గిన్నెల కుప్ప వస్తే ఇంటికి ఒరిగిందేమిటి?

పారవేయడం కూడా పరిష్కారం కాదు. హజ్రత్ మైమూనా (రజి) ఇంటి దాసికి సదఖాగా వచ్చిన మేక చనిపోతే, దాని తోలునైనా ఉపయోగించుకోకపోయారా అని ప్రవక్త (స) అడిగారు (బుఖారీ, ముస్లిం). చచ్చిన జంతువు తోలునే వృథా పోనివ్వని ధర్మం మనది. బాగయ్యేది బాగుచేయించి ఇద్దాం, కానిది పాత సామాన్లవాడికి వేద్దాం. సర్దేటప్పుడు జీర్ణమైన ఖుర్ఆన్ ప్రతులు, అల్లాహ్ పేరున్న కాగితాలు దొరికితే చెత్తలో కలపకూడదు. శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాళ్ళు పడని చోట పాతిపెట్టాలి.

అటక మీది సామాను, ఖుర్బానీ లెక్క

చాలామందికి తెలియని ఒక మస్అలా ఇక్కడ చెప్పుకోవాలి. ఇంటి సామాను మీద జకాత్ లేదు, అది వాడుతున్నదైనా, వాడనిదైనా. ఈ మాట విని మనం నిశ్చింతగా ఉండిపోతాం. కాని హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సదఖతుల్ ఫిత్ర్, ఖుర్బానీల లెక్క వేరు. నివసించే ఇల్లు, తొడుక్కునే బట్టలు, వాడే పాత్రలు, వాహనం, వృత్తి పనిముట్లు నిత్యావసరాలు. ఇవి లెక్కలోకి రావు. వీటిని మించి ఉన్న సామాను విలువను నగదు, బంగారం, వెండితో కలిపి, అప్పులు తీసివేయగా అది యాభై రెండున్నర తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాముల వెండి విలువకు చేరితే ఆ వ్యక్తిపై ఫిత్రా, ఖుర్బానీ వాజిబ్ అవుతాయి. అటువంటివారు జకాత్ పుచ్చుకోవడం కూడా ధర్మసమ్మతం కాదు. 'మా దగ్గర డబ్బెక్కడిది?' అంటూ ఖుర్బానీ మానేసిన ఇంటి అటక మీద ఖుర్బానీ వాజిబ్ చేసే సామాను ఉండి ఉండవచ్చు. మీ ఇంటి వివరాలు దగ్గరలోని ముఫ్తీ గారికి చెప్పి తెలుసుకోవడం శ్రేయస్కరం.

గుమ్మం దగ్గరే ఆపాలి

ఒక చేత్తో ఖాళీ చేస్తూ, మరో చేత్తో నింపితే ప్రయోజనం లేదు. కొనే ముందు ఒక్క నిమిషం ఆగుదాం. ఇది అవసరమా, ఆర్భాటమా? ఎక్కడ పెడతాం? దీని కోసం వడ్డీ వాయిదాలు కట్టాలా? వడ్డీతో వచ్చిన సోఫా మీద సుకూన్ కూర్చోదు. విశ్వాసులు దుబారా చేయరు, పిసినారితనమూ చూపరు, నడిమి దారిలో ఉంటారని ఖుర్ఆన్ వర్ణించింది (25:67). అందాన్ని, శుభ్రతను మన ధర్మం నిషేధించలేదు. అల్లాహ్ సౌందర్యాన్ని ప్రేమిస్తాడని ప్రవక్త (స) చెప్పారు (ముస్లిం). కిక్కిరిసిన గది కన్నా తుడిచిన ఖాళీ నేల అందమైనది.

మన ఇళ్ళు నిండటానికి, ఆడపిల్లల తండ్రుల వెన్ను విరగడానికి ఒకటే కారణం ఉంది - జహేజ్. అమ్మాయి పుట్టిన నాటి నుంచి గిన్నెలు పోగేస్తారు. అప్పు చేసి మంచాలు, బీరువాలు లారీకెత్తిస్తారు. ఆ సామాను పట్టక అత్తవారింట్లో సగం గోనె పట్టాల కింద పడి ఉంటుంది, తండ్రి అప్పు మాత్రం తీరదు. హజ్రత్ ఫాతిమా (రజి) వివాహ సమయంలో ప్రవక్త (స) సమకూర్చినవి ఒక దుప్పటి, ఒక నీటి తిత్తి, ఇజ్ఖిర్ గడ్డి నింపిన దిండు (నసాయీ). మగపిల్లల తల్లిదండ్రులు 'మా ఇంట్లో చోటు లేదు, మాకు అమ్మాయి చాలు' అని ముందే చెప్పగలిగితే రెండు ఇళ్ళకు ఒకేసారి నెమ్మది లభిస్తుంది.

మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. ఇల్లంతా ఒక్క రోజున తిరగేయనవసరం లేదు. రమజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెలలో వారానికి ఒక బీరువా, ఒక పెట్టె చొప్పున 'బిస్మిల్లాహ్' అని తెరుద్దాం. పరాయివి అప్పగిద్దాం, అవసరమైనవి ఉంచుకుందాం, ఎరువివ్వదగినవి అందుబాటులో పెడదాం, మిగిలినవి రమజాన్ నెలవంక కనిపించేలోగా హక్కుదారుల ఇళ్ళకు చేర్చుదాం. ఖాళీ అయిన మూలలో ఒక ముసల్లా పరచుదాం.

ప్రవక్త (స) ఇంట్లో ఒకసారి మేకను కోసి మాంసం పంచారు. ఏమి మిగిలిందని ఆయన అడిగితే ఒక జబ్బ మాత్రమే మిగిలిందని ఆయిషా (రజి) చెప్పారు. ఆ జబ్బ తప్ప మిగతాదంతా మిగిలిందన్న భావంతో ఆయన బదులిచ్చారు (తిర్మిజీ). ఇంట్లో దాచినది 'ఇలా హీన్' - కొంతకాలం వరకే. అల్లాహ్ కోసం ఇచ్చినది ఎప్పటికీ మనదే.

అల్లాహ్ మన ఇళ్ళను సుకూన్ నిలయాలుగా చేయుగాక! మన దగ్గర ఆగిపోయిన ఇతరుల హక్కులను అప్పగించే ధైర్యాన్ని, ఉన్నదానితో తృప్తి చెందే హృదయాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.